పాత రంపానికి పానం

సౌలు ఏలుబడిలో ఇశ్రాయేలు దేశమంతటా కమ్మరి లేకుండా పోయాడని సమూయేలు మొదటి గ్రంథం 13వ అధ్యాయం చెబుతుంది. గొడ్డలికి పదును కావాలన్నా ఫిలిష్తీయుల గుమ్మం తొక్కాల్సిందే. పనిముట్టు మనదే, పదును మాత్రం పరాయివాడి చేతిలో! మన ఓరుగల్లు సీమకు ఒకప్పుడు ఆ కొరత లేదు. 2010లో పరిశోధకులు నాటి వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాల్లో తిరిగి, ఇనుము కరిగించిన చిట్టెపు దిబ్బలను ఊరూరా నమోదు చేశారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కాచిన ఉక్కు కోసం ఇస్ఫహాను వర్తకులు వచ్చేవారు. హెన్రీ వాయిసీ అనే వైద్యుడు దాని గురించి రాసిన వ్యాసం 1832లో అచ్చయింది.

అయితే ఉక్కు మంచిదైతే చాలదు. ఇక్కడ కత్తులైన ఆ ఉక్కే, అతిగా కాచి కొట్టిన ఇంగ్లండు కమ్మరుల సుత్తి కింద పెళ్లలుగా రాలింది.

రంపం సంగతీ అంతే. ఎర్రగా కాచిన రేకును నూనెలో ముంచితే గట్టిపడుతుంది గాని, గాజులా పెళుసవుతుంది. వంచితే విరిగిపోతుంది. దానికి మళ్లీ సన్నని వేడి చూపి పెళుసు తగ్గించడమే పానం పట్టడం. గడ్డిరంగు దాటి నీలం తిరిగే వేళకు, అంటే సుమారు 300 డిగ్రీల దగ్గర, రేకు విల్లులా వంగి తిరిగి నిటారవుతుంది. పళ్లు ఆకురాయికి లొంగాలి, కట్టెకు లొంగకూడదు. ఈ రెంటి మధ్య సందు చాలా ఇరుకు.

తర్వాతి పని సానది. ఇంగ్లండులోని షెఫీల్డులోను, 1840లో ఫిలడెల్ఫియాలో కర్మాగారం పెట్టిన హెన్రీ డిస్టన్ దగ్గరా మేలు రకం రంపాన్ని పళ్ల వైపు మందంగా, వీపు వైపు పలుచగా అరగదీసేవారు. అందుకే అది కోతలో బిగుసుకోదు. పళ్లను అటూ ఇటూ ఎక్కువగా వంచనక్కర్లేదు. పొట్టు తగ్గుతుంది, వడ్రంగి భుజానికి శ్రమా తగ్గుతుంది. కంటికి కనబడని ఈ పనికే ఎక్కువ ఖర్చయ్యేది.

నేటి చౌక రంపాలు చాలావాటికి పళ్ల కొనలు మరీ గట్టి. ఆకురాయి ఎక్కదు, మొద్దుబారితే పారేయడమే. కనుక తాతగారి రంపం అటక మీద ఉంటే తూకానికి వేయకముందు మెల్లగా వంచి వదలమని మా మనవి. నిటారుగా నిలిస్తే పానం బతికే ఉన్నట్టు. తుప్పు చూసి భయపడొద్దు. దాన్ని కరెంటు సాన చక్రానికి మాత్రం ఇవ్వకండి. అక్కడి వేడికి పళ్ల కొనలు మాడి మెత్తబడితే ఆనాటి పానం నిమిషంలో పోతుంది. మూడు పలకల ఆకురాయితో ఒక్కో పన్నూ చేత్తో రాసుకుంటూ పోతే ఓ పూట పడుతుంది, అంతే.