తిన్నానా, తిననా?

పిల్లలూ, బిలాస్‌పూర్ స్టేషన్ బోర్డు మీద ఊరి పేరు హిందీలో ఎలా రాసి ఉందో ఎప్పుడైనా గమనించారా? బి, లా, స, పు, ర. అయిదు అక్షరాలు. ప్లాట్‌ఫారం మీద ప్రకటన వింటే మాత్రం ‘బి-లాస్-పుర్’ అని మూడే ముక్కలు. ‘స’లోనూ ‘ర’లోనూ ఉన్న ‘అ’ పలుకులో లేదు. ‘చలనా’ అని రాసి ‘చల్-నా’ అనడం కూడా ఇలాంటిదే. హిందీకి అది సహజం.

ఫ్రెంచిలో ఈ తేడా ఇంకా ఎక్కువ. గోదావరి ఒడ్డున ఉన్న మన యానాం 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. వాళ్ళ భాషలో ‘మాట్లాడు’ అనే క్రియను నేను, నువ్వు, వాళ్ళు అనే మాటల తర్వాత మూడు రకాలుగా రాస్తారు. పలికేది మూడింటినీ ‘పార్ల్’ అనే. ఎవరు మాట్లాడుతున్నారో ముందున్న సర్వనామమే చెప్పాలి.

తెలుగులో ఆ పని క్రియ చివర జరుగుతుంది. తిన్నాను, తిన్నావు, తిన్నాడు అంటే చాలు, ఎవరు తిన్నారో తెలిసిపోతుంది. కాబట్టి మన క్రియలో అచ్చు మింగితే అర్థం కూడా పోతుంది.

బదిలీల మీద ఊళ్ళు తిరుగుతూ మేము తరచు చూసేది ఇదే. ఫోన్లో అమ్మమ్మ “అన్నం తిన్నావా?” అంటుంది. మనవడు హిందీ అలవాటుతో మధ్య అచ్చు మింగి ‘తిన్ను’ అంటాడు. తిన్నాడా, తిననంటున్నాడా? ఆవిడ మళ్ళీ అడుగుతుంది. వాడు సిగ్గుపడి ఫోను అమ్మ చేతికిచ్చేస్తాడు. ఆ రోజుకి కబుర్లు అంతే.

ఈ మాటల్ని ముక్కలు చేసి చూద్దాం.

తిన్నాను: తిన్-నా-ను
తినను: తి-న-ను
వెళ్ళాను: వెళ్-ళా-ను
వెళ్ళను: వెళ్-ళ-ను

వత్తును తర్వాతి అక్షరం కింద రాస్తాం. పలికేటప్పుడు మాత్రం ఆ జంటలో మొదటి హల్లు ముందు అక్షరానికి అతుక్కుంటుంది. అందుకే ఛందస్సులో ద్విత్వానికి ముందున్న అక్షరం గురువు. గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒకటి. ఇప్పుడు లెక్కపెట్టండి. ‘తిన్నాను’కు అయిదు, ‘తినను’కు మూడు. ‘వెళ్ళాను’కు అయిదు, ‘వెళ్ళను’కు నాలుగు. ఒక్క మాత్ర తగ్గితే వెళ్ళినవాడు వెళ్ళనివాడైపోతాడు!

మరి మన ఊళ్ళల్లో ‘చదువుతాను’ను ‘చదూతాను’ అంటారు కదా? అంటారు. అయితే అక్కడ పోయిన ‘వు’కు బదులు ‘దు’ దీర్ఘమైంది. అక్షరం తగ్గినా రెండింటికీ మాత్రలు ఆరే. అర్థం చెడలేదు.

ఇంట్లో ఒక ఆట ఆడండి. లఘువుకు ఒక చప్పట, గురువుకు రెండు. చెప్పాను-చెప్పను, విన్నాను-వినను, అడిగాను-అడగను. వారం రోజులు ఆడితే నాలుక దానంతటదే దారిలో పడుతుంది.

హిందీ మాట్లాడేటప్పుడు హాయిగా ‘చల్-నా’ అనండి. రాత్రి అమ్మమ్మ ఫోను చేస్తే మాత్రం ‘తిన్నాను’ అని అయిదు మాత్రలూ పలకండి. ఆవిడ రెండోసారి అడగక్కర్లేదు. మీరు ఫోను అమ్మకివ్వక్కర్లేదు.