నిన్నకు పోతే నవ్వు, రేపటికి పోతే నిద్ర

2025 ఏప్రిల్‌లో 'ఆదిత్య 369' చిత్రాన్ని కొత్త మెరుగులు దిద్ది మళ్ళీ విడుదల చేశారు. మనం పుట్టక ముందెప్పుడో, 1991లో, వచ్చిన ఆ సినిమాను హాస్టల్ మిత్రులం గుంపుగా పోయి చూసివచ్చాం. ఆ రాత్రి మొదలైన తగువు ఇంకా తెగలేదు. ఇంత మంచి సినిమాకు రెండో భాగం ఎందుకు రాలేదు? 'ఆదిత్య 999' అనే పేరు ఏళ్ళ తరబడి వినబడుతూ వచ్చింది గదా, అది తెర మీదికి వస్తే ఎట్లుంటది? మొదటిదాని ముందు తేలిపోయే ప్రమాదమే ఎక్కువని నా వాదం. ఇది శాపనార్థం కాదు. కాలంలో అటూ ఇటూ తిరిగే హాస్యకథలకు రెండో భాగం తీస్తే అది తరచుగా నీరసపడుతుంది. దానికొక కారణం ఉంది. ఆ కారణాన్ని సైన్సు విద్యార్థిగా నాకు తోచినట్టు వివరించడమే ఈ వ్యాసం పని.

ముందు భౌతికశాస్త్రం సంగతి చూద్దాం. భవిష్యత్తులోకి పోవడాన్ని ప్రకృతి నిషేధించలేదు. 1905లో ఐన్‌స్టీన్ ప్రతిపాదించిన ప్రత్యేక సాపేక్ష సిద్ధాంతం ప్రకారం, వేగంగా పోయేవాడి గడియారం నిలబడి ఉన్నవాడి గడియారం కంటే నెమ్మదిగా నడుస్తుంది. కాంతివేగానికి దగ్గరి వేగంతో పోయి తిరిగివచ్చినవాడు తన లెక్కలో కొన్నేళ్ళే గడిపి ఉంటాడు. ఊళ్ళో మాత్రం తన ఈడువాళ్ళు ముసలివాళ్ళయి కనిపిస్తారు. 1971లో హాఫెలే, కీటింగ్ అనే శాస్త్రజ్ఞులు పరమాణు గడియారాలను మామూలు విమానాల్లో పెట్టి భూమి చుట్టూ తిప్పి, గడియారాల నడకలో వచ్చే తేడాను కొలిచారు. మన ఫోన్లకు దారి చూపే జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు, వాటి వేగాన్నీ ఆ ఎత్తులో తగ్గే గురుత్వాన్నీ కలిపి లెక్క చూస్తే, నేల మీది వాటి కంటే రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. అది సరిచేయకుండా వదిలితే ఒక్క రోజులోనే చిరునామా కిలోమీటర్ల కొద్దీ తప్పుతుంది. హన్మకొండ చౌరస్తా అడిగితే కాజీపేట చూపిస్తుందన్నమాట.

వెనక్కి పోవడం మాత్రం అట్ల కాదు. గతంలోకి పోయి సొంత తాత పెళ్ళి చెడగొట్టినవాడు పుట్టేదెట్లా? పుట్టనివాడు పోయి పెళ్ళి చెడగొట్టేదెట్లా? సమీకరణాల్లో ఏదో సందు ఉందని వాదించే పండితులు లేకపోలేదు గానీ, ఆ సందులోంచి ఇంతవరకు ఎవరూ దూరిపోయి రాలేదు.

తమాషా ఏమిటంటే, హాస్యానికి ఈ లెక్క సరిగ్గా తలకిందులు. సైన్సు తలుపు తీసిన వైపు నవ్వు పండదు. తలుపు మూసిన వైపే పండుతుంది.

'ఆదిత్య 369'నే తీసుకోండి. 1895లో హెచ్.జి. వెల్స్ రాసిన కాలయంత్రం నవల ప్రేరణతో సింగీతం శ్రీనివాసరావు గారు అల్లిన కథ అది. మాటలు జంధ్యాల, సంగీతం ఇళయరాజా. టినూ ఆనంద్ వేసిన ప్రొఫెసర్ గారి యంత్రం బాలకృష్ణను, మోహినిని మొదట 1526కు, అంటే శ్రీకృష్ణదేవరాయల కాలానికి, చేరుస్తుంది. రాయలు కూడా బాలకృష్ణే. తెనాలి రామకృష్ణుడు చంద్రమోహన్. అక్కడి నుంచి ఇంటికి రావలసిన యంత్రం దారితప్పి 2504కు పోతుంది. అది అణుయుద్ధం తర్వాతి లోకం.

మా అవ్వ ఈ సినిమాను టీవీలో ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. రాయల కొలువు రాంగనే పళ్ళులేని నోటితో పకపకా నవ్వుతది. 2504 రాంగనే "ఇగ పండుకుంట బిడ్డా" అని లేస్తది. నేను చదివిన సినిమా విమర్శలన్నిటి కంటే ఆ లేవడంలోనే ఎక్కువ విమర్శ ఉంది. ఒకే సినిమాలో మొదటి ప్రయాణం నవ్వించింది, రెండో ప్రయాణం అబ్బురపరచి ఊరుకుంది. నిజానికి 'ఆదిత్య 369' సీక్వెల్ 'ఆదిత్య 369' లోపలే ఉంది. తక్కువపడింది కూడా అక్కడే.

ఎందుకంటే నవ్వుకు రెండు ఒడ్లూ తెలిసి ఉండాలి. తెనాలి కథలు వినని తెలుగిల్లు లేదు. కనుక ప్యాంటూ చొక్కా వేసుకున్నవాడు రాయల సభలో నిలబడితే చాలు, అటు ఏముందో ఇటు ఏముందో మనకు తెలుసు కాబట్టి మధ్యలోని ఎడం చూసి నవ్వుతాం. ఒక ఊహ చెప్తాను. 1977లో 'యమగోల' ఆడుతున్న హాలు ముందు నిలబడి, "ఇంకో ఆరేళ్ళలో ఈ హీరోనే మీ ముఖ్యమంత్రి" అని ఎవడన్నా చెప్పి ఉంటే, టికెట్ల వరుసలో ఉన్నవాళ్ళు వాణ్ణి ఎట్ల చూసేవాళ్ళు? మనకు 1983 తెలుసు, వాళ్ళకు తెలియదు. నవ్వు అక్కడ ఉంది. అదే నేను 2504లో ముఖ్యమంత్రి ఎవరో చెప్తే మీరు నవ్వరు. అక్కడి ఒడ్డు ఎవరికీ కనబడదు.

అమెరికావాళ్ళ 'బ్యాక్ టు ది ఫ్యూచర్' (1985) దీనికి పాఠ్యపుస్తకం లాంటిది. 1985 నాటి కుర్రవాడు 1955కు పోయి, మా కాలంలో రొనాల్డ్ రీగన్ అధ్యక్షుడంటాడు. అప్పటికి రీగన్ సినిమా నటుడు. అవతలి డాక్టర్ గారు నమ్ముతాడా? ఆ చిత్రం చివర డాక్టర్ భవిష్యత్తు నుంచి వచ్చి కుర్రవాణ్ణీ వాడి ప్రియురాలినీ కారెక్కించుకొని పోతాడు. అది వట్టి కొసమెరుపు. రెండో భాగం తీస్తామని తెలిస్తే ఆ అమ్మాయిని కారెక్కించేవాళ్ళమే కాదని తీసినవాళ్ళే తర్వాత చెప్పుకున్నారు. 1989లో రెండో భాగం రాగానే ఏమైంది? ఆమెను ఏం చేయాలో తోచక కొద్ది నిమిషాల్లోనే నిద్రపుచ్చి పక్కన పెట్టారు. తర్వాత 2015లో తిరిగారు. ఎగిరే కార్లు, గాలిలో తేలే బల్లలు అన్నీ ఉన్నాయి గానీ, నవ్వు మాత్రం సన్నబడింది. చివరికి ఆ రెండో భాగం గూడ 1955కే, మొదటి సినిమాలోని అదే రాత్రికే, తిరిగివచ్చి పాత సన్నివేశాల పక్కన నక్కి నడిచింది. చాలా తెలివైన పనే, ఒప్పుకుంటాను. అయినా అది మొదటిదాని వెలుగులో నిలబడ్డ తెలివి.

మన దగ్గర కాలయంత్రం కంటే ముందు నుంచీ ఉన్న వాహనం ఒకటుంది, యముడి దున్నపోతు. నవ్వుకతీతంగా చూస్తే తెలుగు యముడు పురాణకాలం నుంచి మన వీధిలోకి దిగిన ప్రయాణికుడే. 'యమగోల'లో హీరో యమలోకానికే పోయి కింకరుల చేత సమ్మె చేయించాడు. మన యూనియన్ మిత్రులు ఆ చరిత్రను మరువరాదు. 1994లో ఎస్.వి. కృష్ణారెడ్డి గారి 'యమలీల'లో యముడి భవిష్యవాణి గ్రంథం జారి భూమ్మీద అలీకి దొరుకుతుంది. రేపు జరిగేది ఇవాళే చదువుకునే పుస్తకం. కథ అంతటితో ఆగితే అల్లరిగా మిగిలేది. కాని అదే పుస్తకంలో తల్లి చావు రాసి ఉంటుంది. అక్కడి నుంచి సత్యనారాయణ, బ్రహ్మానందం భూమ్మీద ఎంత నవ్వించినా మన గుండెలో ఒక మూల దిగులు కూచునే ఉంటుంది. 2014లో అదే దర్శకుడు 'యమలీల 2' తీశారు. హీరో కొత్తవాడు, యముడు మోహన్‌బాబు, చిత్రగుప్తుడు మళ్ళీ బ్రహ్మానందమే. మొదటిదానికి దక్కిన ఆదరణ దానికి దక్కలేదు. యముడు మన నగరాన్ని చూసి విస్తుపోవడం ఒకసారే జరుగుతుంది. రెండోసారి వచ్చినప్పుడు ఆయన విస్తుపోయినా ప్రేక్షకుడు విస్తుపోడు.

మా బాపు భాషలో చెప్పాలంటే రెండో భాగం యాసంగి పంట. వానాకాలంలో ఆకాశమే సగం పని చేస్తుంది. కొత్తదనం అనే వాన మొదటి సినిమాకు ఉట్టిగా కురుస్తుంది. అదే మడిలో యాసంగి నాటు వేయాలంటే చెరువులోనో బావిలోనో నీళ్ళున్నాయా అని ముందే చూసుకోవాలి. చాలామంది నిర్మాతలు చూసుకోరు. పోయిన పంట దిగుబడి చూసి నారు పోస్తారు.

మరి నీళ్ళెక్కడున్నాయి? 999 అన్న అంకె వింటేనే నాకు మళ్ళీ రేపటి వైపు వాసన కొడుతుంది. నన్నడిగితే యంత్రాన్ని వెనక్కే తిప్పాలి. అయితే మళ్ళీ రాయల కొలువుకు కాదు. మన ఓరుగల్లుకు.

మన దగ్గర దానికి కావలసిన పుస్తకం ఉంది. దాదాపు ఆరు వందల ఏళ్ళ నాటి 'క్రీడాభిరామం'. వినుకొండ వల్లభరాయుడి పేరుతో ఉంది, శ్రీనాథుడిదేనని వాదించే పండితులూ ఉన్నారు. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధుల్లో ఒక రోజంతా తిరుగుతారు. కోడిపందేలు చూస్తారు, ఏకవీరను చూస్తారు, కనిపించిన ప్రతివాణ్ణీ ఏదో ఒకటి అంటారు. ఒక్క రూకకు కడుపునిండా అన్నం పెట్టే పూటకూళ్ళ ఇంటి వర్ణన చదివితే మన మెస్సు మీద వైరాగ్యం కలుగుతుంది. తెలుగు శాఖ మిత్రులకు ఇది పరీక్షలో వచ్చే ప్రశ్న. మా సైన్సువాళ్ళకు పేరే తెలియదు. ఖిలా వరంగల్ తోరణాల ముందు ఫోటోలు దిగుతాం గానీ, ఆ తోరణాల చుట్టుపక్కల జనం ఏం తిన్నారో, దేనికి నవ్వుకున్నారో చెప్పమంటే మనకు హంపీలోని తెనాలివాడే గుర్తొస్తాడు. అంటే మన ఊరి గతమే మనకు 2504 లాగ ఉంది. సినిమావాళ్ళు యంత్రాన్ని ఇక్కడ దింపినా, ఈ ఒడ్డు తెలియని మనం ఎక్కడ నవ్వాలో తెలియక కూచుంటాం.

ఆ పుస్తకం చదివినవాడికి మాత్రం సినిమా ఇప్పటికే సగం కనబడుతుంది. మన హాస్టలు కుర్రవాడొకడు పూటకూళ్ళ ఇంట్లో పీట మీద కూచుని మూడుసార్లు వడ్డించుకొని తిన్నాడు. లేచి చేయి కడుక్కున్నాక ఇల్లావిడ రూక అడిగింది. వాడు జేబులోంచి ఫోను తీశాడు. మంచనశర్మ పక్కనే ఉన్నాడు.