ఒక్క పగటిలో నాలుగు సంగమాలు

మేడ్చల్ దగ్గరి మా అత్వెల్లి మీదుగా పోయే 44వ జాతీయ రహదారి కన్యాకుమారిలో సముద్రం కడ ఆగుతుంది. ఆ సంగతి మా పిల్లల పుస్తకాలలో ఉన్నది. సముద్రాన్ని మాత్రం వారిలో చూచినవారు తక్కువ. షామీర్‌పేట చెరువు నిండిన ఏడు వారికి అదే మహాసముద్రం. ప్రబంధాలలోని సముద్రవర్ణనలు చెప్పుతూ వచ్చిన నేనును ఈ మెట్టప్రాంతపు వాడనే. నదుల పుట్టుకను గూర్చి మనకు గల శ్రద్ధ వాటి ముగింపును గూర్చి లేదని నాకు తోస్తుంది. గోదావరి కలిసే అంతర్వేది, కృష్ణ కలిసే హంసలదీవి పుణ్యక్షేత్రాలై మన్నన పొందినవి. చిన్ననదులు ఎట్లు సముద్రంలో కలుస్తున్నవో చూడబోయేవారు అరుదు.

మొన్న మాఘమాసంలో విశాఖపట్నంలో ఒక పెండ్లికి పోయినాము. తిరుగుబండి మరునాటి రాత్రికి. పగలంతా ఖాళీ. "మామయ్యా, భీమిలి దాకా పోయివద్దామా?" అన్నాడు మేనల్లుడు. భీమిలి దాకా పోయినవాళ్లం కళింగపట్నం దాకా పోరాదా అన్నాను నేను. ఏర్పాటు లేదు, ఆలోచన లేదు. తెల్లవారక ముందే కారులో ఉన్నాము.

బయలుదేరిన చోటనే ఒక పాఠం ఎదురైంది. నైరుతి ఋతుపవనాల నాటి అలలు ఈ తీరానికి ఏటవాలుగా తగిలి ఇసుకను ఉత్తరానికి నెట్టుకొని పోతవి. ఏడాది మొత్తం మీద ఇసుక నడక ఉత్తరానికే. విశాఖ రేవు గోడలు దానిని అడ్డగించడం వలన, రావలసిన ఇసుక రాక రామకృష్ణా బీచి కోసుకొనిపోతున్నది. రేవువారు తవ్విన ఇసుకను తెచ్చి అక్కడ పోయవలసి వస్తున్నది. అలలు ఉచితంగా చేసిన పనిని మనిషి యంత్రాలతో చేస్తున్నాడన్నమాట!

ఎర్రమట్టి దిబ్బలు దాటి భీమిలి చేరేసరికి పొద్దు పొడిచింది. 17వ శతాబ్దంలో డచ్చివారు వ్యాపారం సాగించిన రేవు ఇది. వారి సమాధులు నేటికీ ఉన్నవి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన పట్టణం. అన్నీ తీరికగా చూడదగినవే, కాని మేము గోస్తనీ నది కోసం పోయినాము. బొర్రా గుహల కొండలలో నుండి వచ్చిన ఆ నది ఇసుకతిన్నె వెనుక నిలిచి, సందు చూచుకొని సముద్రంలోకి జారుతున్నది.

కోనాడ దగ్గర చంపావతిదీ అదే తీరు. నీరు తగ్గిన నెలలలో అలలు తెచ్చిన ఇసుక నదీముఖానికి అడ్డంగా పేరుకొంటుంది. వరద వచ్చినప్పుడు నది దానిని తెంచుకొని పోతుంది. పటంలో మనం నీలిగీతను తీరపు గీతకు ఆనించి కలం ఎత్తేస్తాము. ఇక్కడ ఆ కలయిక కాలానికొక చోటికి జరుగుతుంది.

తిన్నె మీద ఒక ముసలి జాలరి వల బాగుచేసుకొంటున్నాడు. ఏ ఊరని అడిగితే హైదరాబాదుకు అవతల అని చెప్పినాను.

"మీకాడ సంద్రం నేదేటి బాబూ?"

"లేదు, చెరువులే."

నా వంక జాలిగా చూచినాడు. పిల్లల సంగతి అడిగినాను. "మా గుంటడు గుజరాత్ ఎల్లిపోనాడు బాబూ" అని మళ్లీ వలమీదికి వంగినాడు.

అంతవరకు ఇసుకను వింతగా చూచిన నాకు దాని బరువు అప్పుడు తెలిసింది. రేవు లేని తీరంలో పడవకు నదీముఖమే ఆశ్రయం. అది పూడితే పడవను ఒడ్డుమీదికి ఈడ్చుకోవలసినదే. ఆ చిన్నపడవల సంపాదన చాలక ఎందరో గుజరాతులోని వేరావల్ పోయి, యంత్రపు పడవల మీద కూలికి కుదురుతున్నారు. పడవ నాయకుడిని తండేలు అంటారు. అట్లు పోయినవారిలో కొందరు 2018 నవంబరులో పాకిస్థానుకు చిక్కి, ఏడాదికి పైగా చెరలో మగ్గి, 2020 జనవరిలో వాఘా సరిహద్దు మీదుగా ఇల్లు చేరినారు. 2025లో వచ్చిన 'తండేల్' చలనచిత్రానికి ఆధారం ఆ సంఘటనే. శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో చేపలరేవు కట్టడానికి తలపెట్టినారు. యాత్రికులకు వేసే ఏ బాటకన్నను అది ముందు పూర్తికావలసిన పని అని నా అభిప్రాయం.

మధ్యాహ్నానికి కల్లేపల్లి కడ నాగావళిని చూచినాము. నాగావళి, వంశధార ఒడిశాలోని కలహండి కొండలలో పుట్టిన అక్కచెల్లెళ్లు. చెరియొక దారిని 250 కిలోమీటర్లు దాటి నడిచి, ఒక్క శ్రీకాకుళం జిల్లాలోనే ఇద్దరూ సముద్రంలో కలుస్తారు. గిడుగు రామమూర్తి పంతులు 1863లో పుట్టిన పర్వతాలపేట ఈ వంశధార ఒడ్డుదే. "నేదేటి" అన్న మాటను ఎర్రసిరాతో దిద్దబోయే ఉపాధ్యాయులు ఆయనను ఒకసారి తలచుకోవలెను.

కళింగపట్నం చేరేసరికి పొద్దు వాలుతున్నది. దీపస్తంభం నీడ ఇసుకమీద పొడుగ్గా సాగింది. వంశధార నాలుగింటిలో పెద్దది. దాని నీటిరంగు సముద్రంలోకి చాలా దూరం వేరుగా కనిపించింది. కొంత ఎగువన, నదికి దక్షిణపుటొడ్డున, శాలిహుండం కొండమీద బౌద్ధస్తూపాల శిథిలాలున్నవి. ఓడలెక్కిన భిక్షువులు ఈ ముఖద్వారాన్నే చూచి ఉండవచ్చును. మేనల్లుడు గడియారం చూపించినాడు. కొండ ఎక్కడానికి పొద్దు చాలలేదు.