ఉక్కు ఇరుసుపై లేచిన విమానం

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని భిలాయి పేరు వినగానే ఎవరికైనా ముందుగా రైలు పట్టాలు జ్ఞప్తికి వస్తాయి. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా ఇక్కడ ఉక్కు కర్మాగారం వెలిసింది. దాని తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దల్లీ-రాజహరా గనుల ఇనుప ఖనిజం, నందిని గనుల సున్నపురాయి ఈ కర్మాగారంలో అగ్నికి ఆహుతియై, ఉక్కు పట్టాలుగా, పలకలుగా రూపుదాల్చి దేశం నలుమూలలకూ తరలివెళ్తున్నాయి. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువారితో పాటు దేశంలోని అనేక ప్రాంతాల వారు ఆ కొలుముల వద్ద కలిసి పనిచేస్తున్నారు.

ఈ ఉక్కు నగరానికీ విమానానికీ సంబంధం ఉన్నదంటే మొదట కొంత ఆశ్చర్యం కలుగుతుంది. ఉక్కు బరువైనది, విమానం తేలికగా ఉండవలసినది. అయినా 2022 సెప్టెంబరు 2న భారత నౌకాదళంలో ప్రవేశించిన విమానవాహక నౌక విక్రాంత్ నిర్మాణానికి కావలసిన ప్రత్యేక ఉక్కును సరఫరా చేసిన కర్మాగారాలలో భిలాయి ఒకటి. ఆ నౌక మీద నుంచి విమానాలు లేస్తాయి; ఆ నౌక మీదనే దిగుతాయి. విమానచరిత్ర తొలి పుటలు తిరగవేస్తే, ఉక్కుకూ విమానానికీ మధ్య గల ఈ బంధం కొత్తది కాదనీ, యంత్రశక్తితో ఎగిరిన మొట్టమొదటి విమానం సైతం చివరి క్షణంలో ఉక్కు కోసమే వేచి ఉండవలసి వచ్చిందనీ తెలుస్తుంది.

మూడు సమస్యలు

గాలికంటె బరువైన యంత్రం ఆకాశంలో నిలవాలంటే మూడు సమస్యలు పరిష్కారం కావాలి. మొదటిది, బరువును పైకెత్తగల రెక్కలు. రెండవది, ఆ రెక్కలను గాలిలో ముందుకు నడపగల శక్తి. మూడవది, ఎగిరే యంత్రాన్ని అదుపులో ఉంచగల ఉపాయం. జర్మనీకి చెందిన ఓటో లిలియెంథాల్ ఇంజను లేని గ్లైడర్లతో వందల పర్యాయాలు గాలిలో తేలి మొదటి సమస్యపై ఎంతో వెలుగు ప్రసరింపజేశాడు. కాని శరీరాన్ని అటూ ఇటూ ఊపి సమతూకం నిలుపుకోవడమే ఆయనకు తెలిసిన ఉపాయం. 1896 ఆగస్టులో ఒక ఈదురుగాలికి గ్లైడరు తలకిందులు కాగా ఆయన పడిపోయి, మరునాడు మరణించాడు.

అమెరికాలోని డేటన్ పట్టణంలో సైకిళ్లు తయారుచేసి, మరమ్మతులు చేసే విల్బర్ రైట్, ఆర్విల్ రైట్ సోదరులు ఈ మూడవ సమస్యనే ముందుగా చేపట్టడం గమనార్హం. సైకిలు నిలబడి ఉన్నప్పుడు పడిపోతుంది. తొక్కేవాడు క్షణక్షణం సవరించుకుంటూ పోవడం వల్లనే నిలుస్తుంది. విమానం కూడా అటువంటిదేనని వారు భావించారు. తీగలతో లాగి రెక్కల అంచులను మెలిపెట్టే పద్ధతిని కనిపెట్టారు. ఒక వైపు రెక్క గాలిని ఎక్కువగా, రెండవ వైపు రెక్క తక్కువగా పట్టుకోవడం వల్ల యంత్రం పక్కకు ఒరగకుండా సరిదిద్దుకోగలుగుతుంది. 1902లో వెనుకవైపు కదిలే చుక్కానిని కూడా చేర్చిన తరువాత వారి గ్లైడరు పూర్తిగా అదుపులోకి వచ్చింది.

రెక్కల విషయంలోనూ వారు ఇతరుల లెక్కలను గుడ్డిగా నమ్మలేదు. 1901లో ఒక చెక్కపెట్టెలో పంకాతో గాలి వీచేటట్లు చేసి, సుమారు రెండు వందల రకాల చిన్న రెక్కల నమూనాలను అందులో పరీక్షించారు. ఏ వంపునకు ఎంత బరువు లేస్తుందో ఈ చిన్న వాయు సొరంగంలో కొలిచి పట్టికలు వ్రాసుకున్నారు. తరువాతి విమానానికి ఆ పట్టికలే పునాది.

వంద పౌన్ల దిమ్మె, పందొమ్మిది పౌన్ల కడ్డీ

ఇక మిగిలినది శక్తి. తేలికైన ఇంజను కోసం రైట్ సోదరులు మోటారు తయారీదారులకు లేఖలు వ్రాశారు. తగిన సమాధానం లభించలేదు. చివరకు తమ దుకాణంలో పనిచేసే చార్లెస్ టేలర్ అనే మెకానిక్కు సహాయంతో స్వయంగా ఇంజను నిర్మించుకున్నారు. సుమారు ఆరు వారాలలో సిద్ధమైన ఆ నాలుగు సిలిండర్ల ఇంజను దాదాపు 12 అశ్వశక్తిని ఇచ్చేది. బరువు 180 పౌన్లు, అనగా సుమారు 82 కిలోలు.

బరువు తగ్గించడానికి ఇంజను దేహాన్ని అల్యూమినియంతో పోతపోయించారు. కాని లోపల తిరిగే వంకర ఇరుసును మాత్రం అల్యూమినియంతో చేయడానికి వీలులేదు. ప్రతి పేలుడు తాకిడినీ భరించవలసినది అదే. అందువల్ల టేలర్ వంద పౌన్ల ఉక్కు దిమ్మెను తీసుకుని, రంధ్రాలు తొలిచి, ఉలితో చెక్కి, తరిణె పట్టి, 19 పౌన్ల ఇరుసును అందులోనుంచి వెలికి తీశాడు. ఎక్కడ లోహం అవసరమో అక్కడ ఉంచి, అక్కరలేని చోట తొలగించడమే విమాన నిర్మాణంలోని ప్రధాన సూత్రం. ఇంజను నుంచి శక్తి సైకిలు గొలుసు వంటి గొలుసుల ద్వారా రెండు చెక్క ప్రొపెల్లర్లకు అందేది.

పగిలిన గొట్టాలు

1903 శరదృతువులో సోదరులిద్దరూ ఉత్తర కరోలినా తీరంలోని కిట్టీ హాక్ గ్రామం సమీపాన గల ఇసుకదిబ్బలకు చేరుకున్నారు. ఇంజనును నడిపి చూడగా ప్రొపెల్లర్లను తిప్పే ఇరుసులు దెబ్బతిన్నాయి. అవి బోలుగా ఉండే ఉక్కు గొట్టాలు. వాటిని డేటన్‌కు పంపి బలపరచి తెప్పించారు. గొలుసులు తిప్పే పళ్లచక్రాలు మాటిమాటికీ వదులైపోతుండగా, సైకిలు టైర్లను అతికించడానికి వాడే జిగురుతో వాటిని బిగించారు. ఇక అంతా సిద్ధమైనదనుకున్న సమయంలో, నవంబరు 28న ఒక ఇరుసు మళ్లీ పగులువారింది.

ఇక్కడనే రైట్ సోదరుల వివేచన బయటపడింది. ఇంకా లావైన, ఇంకా గట్టి గొట్టాలు వేయాలని ఎవరికైనా తోస్తుంది. వారు అందుకు విరుద్ధంగా ఆలోచించారు. ఇంజను శక్తి ఒకే తీరున ప్రవహించి ఉంటే ఆ గొట్టాలకు ఉన్న బలం అవసరానికి మించినదే. కాని ఇంజనులో ఒక పేలుడు ముందుగా సంభవించవచ్చు, మరొకటి తప్పిపోవచ్చు. అప్పుడు ఇరుసుపై హఠాత్తుగా కుదుపు పడుతుంది. లావుపాటి గొట్టానికి ఆ కుదుపును ఇముడ్చుకునే గుణం లేదు, కనుకనే పగిలింది. అంతకంటె సన్నని, కాని బోలు లేని ఘనమైన ఉక్కు కడ్డీ అయితే కొద్దిగా మెలితిరిగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. లారీ చక్రాలపైన ఉండే కమాను కట్టలు గోతులలో వంగి, తిరిగి లేచి, బండిని కాపాడేది ఈ గుణంతోనే.

ఆర్విల్ వెంటనే డేటన్‌కు ప్రయాణమై, ఘనమైన ఉక్కు ఇరుసులను చేయించుకుని డిసెంబరు 11న తిరిగి వచ్చాడు. 14న విల్బర్ చేసిన ప్రయత్నంలో విమానం నిటారుగా లేచి, మూడున్నర సెకన్లలో ఇసుకలో దిగబడింది. మరమ్మతుల అనంతరం 17వ తేదీ ఉదయం, ఎముకలు కొరికే చలిగాలిలో, ఆర్విల్ దానిపై బోర్లా పడుకుని బయలుదేరాడు. విమానం 12 సెకన్లలో 120 అడుగులు ప్రయాణించింది. అదే రోజు నాల్గవసారి విల్బర్ 59 సెకన్లలో 852 అడుగులు పోగలిగాడు. కొద్దిసేపటికి పెనుగాలి వీచి, నేలపై నిలిపి ఉన్న విమానాన్ని దొర్లించి విరగగొట్టింది. అది మరి ఎగరలేదు. కాని అప్పటికే మానవచరిత్రలో కొత్త అధ్యాయం ప్రారంభమైపోయింది.

ఈ విజయం చౌకగా లభించినది కాదు. 1908 సెప్టెంబరు 17న ఫోర్ట్ మయర్ వద్ద ఆర్విల్ నడుపుతున్న విమానంలో ఒక ప్రొపెల్లరు చీలి, వెనుకవైపు చుక్కానిని పట్టి ఉంచే తీగకు తగిలింది. విమానం కూలిపోయి, అందులో ప్రయాణిస్తున్న లెఫ్టినెంట్ థామస్ సెల్ఫ్రిడ్జ్ ప్రాణాలు కోల్పోయాడు. యంత్రశక్తితో నడిచే విమాన ప్రమాదంలో మరణించిన మొదటి వ్యక్తి ఆయనే. చిన్న పగులు ఒక నిండు ప్రాణాన్ని బలిగొన్నది.

నేల నుంచి నౌకకు

నేలపై నుంచి ఎగరడం సాధ్యమైన ఏడేళ్లకు నౌకపై నుంచి ఎగిరే ప్రయత్నం జరిగింది. 1910 నవంబరు 14న వర్జీనియా తీరంలో నిలిచి ఉన్న బర్మింగ్‌హామ్ అనే అమెరికన్ యుద్ధనౌక ముందుభాగంలో 83 అడుగుల చెక్క వేదిక నిర్మించారు. దానిపై నుంచి యూజీన్ ఎలీ అనే వైమానికుడు కర్టిస్ విమానంలో బయలుదేరాడు. వేదిక అంచు దాటగానే విమానం కిందికి జారి, చక్రాలు నీటిని తాకాయి. ప్రొపెల్లరు దెబ్బతిన్నప్పటికీ ఎలీ దానిని నిలదొక్కుకుని ఒడ్డుకు చేర్చగలిగాడు.

అంతకంటె క్లిష్టమైనది నౌకపై దిగడం. 1911 జనవరి 18న శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో పెన్సిల్వేనియా అనే నౌకపై ఎలీ ఆ పని కూడా సాధించాడు. వేదికకు అడ్డంగా 22 తాళ్లు కట్టి, వాటి చివరలకు ఇసుక బస్తాలు తగిలించారు. విమానం అడుగున ఉన్న కొక్కేలు తాళ్లను పట్టుకోగా, బస్తాల బరువు దాని వేగాన్ని క్రమంగా అణచివేసింది. ఒక్కసారిగా ఆపితే విమానం ముక్కలవుతుంది. సాగనిచ్చి ఆపితే నిలుస్తుంది. ఇరుసు విషయంలో రైట్ సోదరులు గ్రహించిన సత్యమే ఇక్కడ మరొక రూపంలో కనిపిస్తున్నది. అదే ఏడాది అక్టోబరులో ఒక ప్రదర్శనలో విమానం కూలి ఎలీ మరణించాడు.

ఆ కాలంలోనే భారతదేశపు ఆకాశంలోనూ విమానాలు కనిపించసాగాయి. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలో భాగమై ఉన్న ఆ రోజులలో, 1910లో మద్రాసు మౌంట్ రోడ్డులోని ఒక హోటలు యజమాని డి ఏంజెలిస్ విమానాన్ని ప్రదర్శించాడు. దానిని ఆ నగరంలోని సింప్సన్ కంపెనీ తయారుచేసింది. ఎలీ నౌకపై దిగిన సరిగ్గా నెల రోజులకు, 1911 ఫిబ్రవరి 18న హెన్రీ పికే అనే ఫ్రెంచి యువకుడు అలహాబాదు ప్రదర్శనశాల మైదానం నుంచి సుమారు 6,500 ఉత్తరాలతో బయలుదేరి, యమునను దాటి నైనీలో దిగాడు. ప్రపంచంలో అధికారికంగా జరిగిన తొలి విమాన తపాలా ఇదేనని చరిత్రకారులు పేర్కొంటారు.

భిలాయి, హైదరాబాదు, కొచ్చి

ఎలీ వాడిన చెక్క వేదిక స్థానంలో నేడు విశాలమైన ఉక్కు తలం ఉన్నది. కొచ్చి షిప్‌యార్డులో నిర్మితమైన విక్రాంత్ పొడవు 262 మీటర్లు. నీటిపై దాని బరువు సుమారు 45,000 టన్నులు. దాని ముందుభాగం పైకి వంపు తిరిగి ఉంటుంది. పరుగెత్తుకుంటూ వచ్చిన విమానాన్ని ఆ వంపు పైకి ఎగజిమ్ముతుంది. దిగేటప్పుడు విమానం తోక కొక్కెం తలానికి అడ్డంగా అమర్చిన ఉక్కు తీగను పట్టుకుంటుంది. తీగ కొంత దూరం సాగి విమానాన్ని నిలుపుతుంది. ఇసుక బస్తాల స్థానంలో యంత్రాలు వచ్చాయి; సూత్రం మాత్రం మారలేదు.

ఇటువంటి నౌకకు ఏ ఉక్కు పడితే ఆ ఉక్కు పనికిరాదు. టన్నుల కొద్దీ బరువుగల విమానం వచ్చి పడినప్పుడు పలక పగలరాదు. అలల తాకిడికి నౌక దేహం చీలరాదు. ఉక్కు గట్టిగా ఉంటే చాలదు. దెబ్బను ఇముడ్చుకునే దృఢత్వం కావాలి. తేలికగా వెల్డింగు కుదరాలి. గట్టిదనం కోసం కార్బన్ పాళ్లు పెంచితే ఉక్కు పెళుసవుతుంది, వెల్డింగు కష్టమవుతుంది. అందువల్ల కార్బన్‌ను తక్కువగా ఉంచి, కొద్ది పాళ్లలో ఇతర ధాతువులు కలిపి, పలకలుగా సాగదీసే వేళ వేడిని జాగ్రత్తగా అదుపుచేసి ఈ గుణాలను సాధిస్తారు. హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల, భారత ఉక్కు సంస్థ, నౌకాదళం కలిసి ఈ అవసరానికి తగిన ఉక్కును స్వదేశంలోనే రూపొందించాయి. ఆ ప్రయోగశాల పేరులోని అక్షరాలతోనే దానిని డి.ఎం.ఆర్. ఉక్కు అని వ్యవహరిస్తారు. నౌకకు కావలసిన సుమారు 30,000 టన్నుల ప్రత్యేక ఉక్కును భిలాయి, బొకారో, రూర్కెలా కర్మాగారాలు సమకూర్చాయి.

2023 ఫిబ్రవరి 6న, మన దేశంలో రూపొందిన తేజస్ నౌకాదళ విమానం తొలిసారిగా విక్రాంత్‌పై దిగింది. హైదరాబాదు ప్రయోగశాలలో సూత్రం నిర్ణయించినవారు, ఛత్తీస్‌గఢ్, ఝార్ఖండ్, ఒడిశా కొలుముల వద్ద ఆ ఉక్కును కాచి పలకలుగా సాగదీసినవారు, కేరళ తీరంలో పలకకు పలక అతికి నౌకగా నిలిపినవారు ఒకరి నొకరు ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. విమానం కొక్కెం తీగను పట్టుకున్న ఆ క్షణంలో వైమానికుని ప్రాణం వారందరి పనిమీదనే ఆధారపడి ఉన్నది. కిట్టీ హాక్ ఇసుకలో రైట్ సోదరులను రెండు వారాలు నిలిపివేసిన పగులు వంటిది ఆ పలకలలో ఎక్కడా తలెత్తకుండా చూడడమే భిలాయి కార్మికుడు విమానచరిత్రలో నిర్వహిస్తున్న పాత్ర.