ప్యాకేజీ ఖాతా: కంటైనరంతా కొనాలా, నాలుగు పెట్టెలు చాలా?

జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో పనిచేసేవాళ్ళకి సరుకు పంపడంలో రెండు పద్ధతులున్నాయని ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. కంటైనరంతా మీరే తీసుకుంటే అది ఎఫ్.సి.ఎల్. మీ నాలుగు పెట్టెల్నీ మరో పదిమంది సరుకుతో కలిపి ఒకే కంటైనర్లో సర్దితే అది ఎల్.సి.ఎల్. మొదటి పద్ధతిలో పెట్టెకి పడే ఖర్చు తక్కువ. కానీ కంటైనర్ నిండితేనే సుమా! పావు వంతు నింపి పంపినా అద్దె మాత్రం మొత్తానికీ కట్టాల్సిందే.

నేను ఇక్కడ గోదాముల నిర్వహణకి సంబంధించిన సాఫ్ట్‌వేర్ పని చేస్తుంటాను. మా ఆఫీసులో కొత్తగా చేరిన నిజామాబాద్ కుర్రాడు ఒకడు మొన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక రంగుల బ్రోషర్ తెచ్చి నా ముందు పెట్టాడు.

"అన్నా, బ్యాంకోళ్ళు వచ్చి ఇచ్చిపోయిండ్రు. నెలకు వంద దిర్హాములే అంట. ఇన్సూరెన్సు, లాంజ్, సినిమా టిక్కెట్లు, ఇంటికి పైసలు పంపుడు ఫ్రీ. మొత్తం నాలుగు వేల విలువ అంటున్నరు. తీసుకోవాల్నా వద్దా?"

"సాయంత్రం చెప్తాలే" అన్నాను. నిజానికి ఆ ప్రశ్నకి జవాబు నాకు 2020లోనే తెలిసింది, కాస్త ఖరీదు చెల్లించి. ఆ సంగతి తరవాత చెప్తాను. ముందు లెక్క చూద్దాం.

అసలీ కట్ట కట్టడం ఎందుకు?

పదేసి వస్తువుల్ని ఒకే కట్టగా అమ్మడాన్ని బండ్లింగ్ అంటారు. మనకి కొత్తేమీ కాదు. విదేశాల్లో రెండు తెలుగు చానెళ్ళు చూడడం కోసం ఎప్పుడూ పెట్టని ఇరవై చానెళ్ళకి డబ్బు కట్టినవాళ్ళం కదా! వర్డ్, ఎక్సెల్ కావాలంటే ఆఫీస్ మొత్తం కొన్నవాళ్ళం కూడా.

ఈ వ్యాపార రహస్యాన్ని 1963లోనే జార్జ్ స్టిగ్లర్ అనే ఆర్థికవేత్త విప్పి చెప్పాడు. సినిమా కంపెనీలు టీవీ స్టేషన్లకి మంచి సినిమాతో పాటు మామూలు సినిమాని కూడా ఎందుకు అంటగడతాయన్నది ఆయన తీసుకున్న ప్రశ్న. అదే లెక్కని మన విషయానికి మార్చి చూద్దాం.

ఇద్దరు స్నేహితులున్నారనుకోండి. ఒకడికి ఏడాదికి లాంజ్ సదుపాయం 700 దిర్హాముల విలువ, ప్రయాణ బీమా 400 విలువ. రెండోవాడికి సరిగ్గా తిరగేసి: లాంజ్ 400, బీమా 700. బ్యాంకు వీటిని విడివిడిగా, ఒక్కోటీ 400కి అమ్మితే ఇద్దరూ రెండూ కొంటారు. వచ్చేది 1,600. ఒక్కోటీ 700 అంటే చెరొకటే కొంటారు. వచ్చేది 1,400. అదే రెండూ కలిపి 1,100 అంటే? ఇద్దరూ కొంటారు. వచ్చేది 2,200! కొత్తగా ఏ వస్తువూ తయారు చెయ్యకుండా, దారం చుట్టి ముడి వేసినందుకు ఆరువందలు ఎక్కువ.

1999లో బాకోస్, బ్రిన్‌యోల్ఫ్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని సాఫ్ట్‌వేర్ లాంటి సమాచార వస్తువులకి విస్తరించారు. ఒక్కో వస్తువుకి ఎవరెంత ఇస్తారో ఊహించడం కష్టం. కానీ వస్తువుల సంఖ్య పెరిగేకొద్దీ మొత్తం కట్టకి జనం ఇచ్చే ధర సగటు దగ్గరకి చేరుతుంది. అంచేత అమ్మేవాడికి ధర పెట్టడం తేలికవుతుంది. ఇంజనీరింగ్ రెండో ఏడు సంభావ్యత పరీక్షకి చదివి మర్చిపోయిన సూత్రమే ఇది.

బ్యాంకు ప్యాకేజీలో ఇంకో సంగతి కూడా ఉంది. మీరు వెళ్ళని లాంజ్‌కి బ్యాంకుకయ్యే ఖర్చు స్వల్పం. మీరు వాడని ప్రతి సదుపాయం వాళ్ళకి మిగులే. కాబట్టి జాబితా ఎంత పొడుగ్గా ఉంటే అంత మంచిది, వాళ్ళకి.

బ్రోషర్ లెక్క, మన లెక్క

కుర్రాడి బ్రోషర్ తీసుకుని స్ప్రెడ్‌షీట్ తెరిచాను. నెలకి వంద, దానిమీద 2018 నుంచి ఉన్న అయిదు శాతం వ్యాట్. ఏడాదికి 1,260 దిర్హాములు. రాబడి వైపు మాత్రం నేను బ్రోషర్లోని విలువలు వెయ్యలేదు. ప్రతి వరుసకీ మూడే ప్రశ్నలు. ఈ ప్యాకేజీ లేకపోతే నేను దీన్ని బయట డబ్బిచ్చి కొంటానా? కొంటే ఎంతకి? ఇప్పటికే నాకు ఇది వేరే దారిలో ఉందా?

ప్రయాణ బీమా: ఏడాదికి రెండుసార్లు ఇండియా వెళ్తాడు. బయట కొంటే ట్రిప్పుకి అరవై చొప్పున 120.

లాంజ్: బ్రోషర్లో పన్నెండు సార్లు ఉంది. వాడు ఎక్కేది నాలుగు విమానాలు, అందులో రెండు అర్ధరాత్రివి. రెండుసార్లు వెళ్తాడనుకుందాం. అక్కడ తినేది బయట తింటే ఎంతవుతుందో అంతే దాని విలువ. 100.

వార్షిక రుసుము లేని క్రెడిట్ కార్డు: అలాంటి కార్డులు ప్యాకేజీ లేకుండానే దొరుకుతాయి. సున్న.

మినిమం బ్యాలెన్స్ మాఫీ: మామూలు జీతం ఖాతాకి కూడా అది ఉంది. సున్న.

దారిలో కారు ఆగిపోతే సాయం: మోటారు బీమాలోనే ఉంది. పైగా వాడికింకా కారే లేదు. సున్న.

సినిమాకి ఒకటి కొంటే ఒకటి ఉచితం: నాలుగుసార్లు, నలభై చొప్పున 160.

ఉచితంగా ఇంటికి డబ్బు పంపడం: ఇక్కడ కాస్త ఆగాలి. ఎక్స్చేంజి కౌంటర్ దగ్గర వాడు ఇచ్చే ఫీజు నెలకి ఇరవై. ఏడాదికి 240 మిగులు అని బ్రోషర్ మాట. కానీ అసలు ఖర్చు ఫీజులో ఉండదు, రేటులో ఉంటుంది. బ్యాంకు ఇచ్చే రేటు దిర్హాముకి పది పైసలు తక్కువైతే, నెలకి 5,000 దిర్హాములు పంపేవాడికి అయిదు వందల రూపాయలు పోతాయి. ఏడాదికి ఆరువేలు, అంటే రమారమి 250 దిర్హాములు. మిగిలింది పోగా పది దిర్హాములు నష్టం! కాబట్టి డబ్బు పంపేముందు "ఫీజెంత?" అని అడక్కండి. "నేను ఇన్ని దిర్హాములిస్తే అక్కడ ఎన్ని రూపాయలు పడతాయి?" అని అడగండి. పోల్చదగ్గ అంకె అదొక్కటే.

అన్నీ కూడితే 370. కట్టేది 1,260. బ్రోషర్లో నాలుగు వేలున్న విలువ వాడి జీవితంలోకి వచ్చేసరికి నాలుగు వందలు కూడా కాలేదు.

అయితే ఇది ఎవరికీ పనికిరాదా అంటే, అలా అనలేం. మా మేనేజరు నెల నెలా రియాద్ వెళ్ళొస్తాడు. లాంజ్ పద్ధెనిమిది సార్లు వాడతాడు, అక్కడే కూర్చుని పని చేసుకుంటాడు. సారికి అరవై వేసినా 1,080. కుటుంబానికంతా ఏడాది పొడుగునా ప్రయాణ బీమా ఆయన ఎలాగూ కొనేవాడే, అదో నాలుగు వందలు. ఆయన కంటైనర్ నిండింది. ఆయన తీసుకోవడమే సబబు.

"యాభై వేలు నిలవ ఉంచితే ఫీజు ఉండదు" అన్న షరతు కూడా చూస్తుంటాం. అది ఉచితం కాదు. ఆ డబ్బు డిపాజిట్లో వేస్తే నాలుగు శాతం వస్తుందనుకోండి, ఏడాదికి రెండు వేలు. ఫీజు కంటే ఎక్కువే వదులుకుంటున్నామన్నమాట.

ఇక నా కథ

ఇక్కడిదాకా చెప్పింది కూడికలు, తీసివేతలు. నేను చెప్పదల్చుకున్న ముఖ్య విషయం స్ప్రెడ్‌షీట్‌లో కనపడదు.

2017లో నేనూ ఇలాంటి ఖాతాయే తీసుకున్నాను. బ్యాంకు పేరు అనవసరం. జీతం అందులోనే పడేది కాబట్టి ఫీజు సగమే. అదే బ్యాంకు క్రెడిట్ కార్డు. ఇంటి అద్దెకి ముందు తేదీలు వేసి ఇచ్చే చెక్కులూ ఆ ఖాతావే. ప్యాకేజీలో ఉద్యోగం పోతే ఆదుకునే బీమా కూడా ఉందని నిశ్చింతగా ఉండేవాణ్ణి.

2020 ఏప్రిల్లో కరోనా దెబ్బకి మా ప్రాజెక్టు ఆగిపోయింది. జూన్‌లో ఉద్యోగం పోయింది. గ్రాట్యుటీ, మిగిలిన జీతం కలిపి ఖాతాలో పడ్డాయని మెసేజ్ వచ్చింది. ఆ సాయంత్రమే తీద్దామంటే రాలేదు. ఉద్యోగం ముగింపు కింద వచ్చిన డబ్బు కనక, కార్డు బాకీ తేలేదాకా మొత్తాన్నీ ఆపి ఉంచామన్నారు. నా కార్డు బాకీ 3,200. ఆపింది అంతకి ఎన్నో రెట్లు. బాకీ కట్టి కార్డు రద్దు చెయ్యమన్నా, చివరి లావాదేవీలు తేలడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు.

తొమ్మిది రోజుల్లో పదిహేను వేల అద్దె చెక్కు ఉంది. ఇక్కడ ఉన్నవాళ్ళకి దాని అర్థం తెలుసు. ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే చాలావరకు క్రిమినల్ కేసు కాకుండా చేసిన చట్టం అమల్లోకి వచ్చింది 2022 జనవరి 2న. 2020లో అది పోలీసు కేసే. ఇంట్లో మా ఆవిడ, రెండేళ్ళ పాప. నా డబ్బు నా ఖాతాలోనే ఉంది, నేను ముట్టుకోలేను!

ఉద్యోగ బీమా కాగితాలు అప్పుడు తీసి చదివాను, మూడేళ్ళలో మొదటిసారి. అది ఇచ్చేది జీతం కాదు, కార్డు మీద కనీస చెల్లింపు మాత్రమే. అదీ ప్రాజెక్టు ముగిసి ఉద్యోగం పోతే వర్తించదు. షార్జాలో ఉండే స్నేహితుడు డబ్బు సర్దాడు. ఇంటి ఏజెంటు కాళ్ళావేళ్ళా పడితే నగదు తీసుకుని చెక్కు వెనక్కిచ్చాడు. ఆ నెలాఖరున ఖాతాలోంచి ఇంకో కోత పడింది. జీతం పడలేదు కనక సగం ఫీజు పోయి పూర్తి ఫీజు వేశారు.

ఒక్కటి మాత్రం చెప్పాలి. వాళ్ళు చేసిన ప్రతిదీ నేను సంతకం పెట్టిన షరతుల్లో ఉంది. పొరపాటు నాది. మన వృత్తిలో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. ఒక్క సర్వర్ పడిపోతే మొత్తం వ్యవస్థ పడిపోయేలా కడితే డిజైన్ రివ్యూలో ఎవరైనా నవ్వుతారు. జీతం, కార్డు, అద్దె, బీమా నాలుగూ ఒకే ఖాతాకి కట్టి, ఆ ఖాతాని ఉద్యోగానికి కట్టి కూర్చున్నాను. ఉద్యోగం ఉన్నప్పుడు ప్యాకేజీలోని సదుపాయాలతో పెద్దగా పని ఉండదు. పని పడే రోజుకి అవి ఉండవు.

సంతకానికి ముందు

ఇంగ్లండులో ఇలాంటి ఖాతాలు అక్కర్లేనివాళ్ళకి కూడా అంటగట్టారని పెద్ద గొడవే జరిగింది. 2013 మార్చి 31 నుంచి అక్కడి నిబంధనల ప్రకారం, ప్యాకేజీలోని బీమాకి మీరు అర్హులో కాదో బ్యాంకు ముందే సరిచూడాలి, ఏడాదికోసారి గుర్తు చెయ్యాలి. అయినా 2015-16లో అక్కడి ఆర్థిక అంబుడ్స్‌మన్ దగ్గరికి ఈ ఖాతాల మీద 40,000కి పైగా ఫిర్యాదులొచ్చాయి. వయసు దాటినవాళ్ళకి ప్రయాణ బీమా ఉన్న ఖాతా అమ్మితే అది బీమా ఎలా అవుతుంది?

మీరు ఎక్కడున్నా ఆ సరిచూసే పని మీరే చేసుకోవచ్చు. నేను చూసేవి ఇవి.

బీమా ఎవరికి వర్తిస్తుంది? ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలకి వర్తిస్తుందా? పాత జబ్బుల సంగతేమిటి? టిక్కెట్టు ఆ కార్డుతోనే కొనాలా? కరామాలో ఏజెంటు దగ్గర నగదిచ్చి కొంటే చెల్లుతుందా?

జీతం ఆగిన నెల ఫీజెంత? ఖాతా మూసేస్తే కార్డు ఏమవుతుంది?

ప్రభుత్వమే ఇచ్చేది ఏమైనా ఉందా? యు.ఏ.ఇ.లో 2023 జనవరి నుంచి ప్రైవేటు ఉద్యోగులకి నిరుద్యోగ బీమా తప్పనిసరి. మూల వేతనం 16,000 లోపైతే నెలకి 5 దిర్హాములు, దాటితే 10. షరతులకి లోబడి మూల వేతనంలో అరవై శాతం మూడు నెలల దాకా ఇస్తారు. ఇది ఉండగా బ్రోషర్లో ఆ వరుసకి ఎంత విలువ కట్టాలో మీరే చెప్పండి.

అన్నిటికంటే ముఖ్యం, ఇంకో బ్యాంకులో మామూలు ఖాతా ఒకటి తెరిచి మూడు నెలల ఖర్చు అక్కడ ఉంచండి. మినిమం బ్యాలెన్స్ అక్కర్లేని డిజిటల్ ఖాతాలు ఇక్కడ కూడా దొరుకుతున్నాయి. నేనిప్పుడు అద్దె చెక్కులు జీతం పడే ఖాతా నుంచి ఇవ్వను.

సాయంత్రం ఇదంతా కుర్రాడికి చెప్పి, 370 అంకె చూపించాను. కాసేపు స్క్రీన్ వంక చూశాడు.

"అయితే ఆ వంద దిర్హాములు ఏం చెయ్యాలన్నా?"

"రెండో ఖాతా తెరిచి అందులో వెయ్యి. ఆ ఖాతాకి బ్రోషర్ ఉండదు" అన్నాను.

బ్రోషర్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు వచ్చి, బ్యాంకువాళ్ళకి ఫోన్ చేసి జీతం ఆగితే ఫీజెంతని అడిగానన్నాడు. కనుక్కుని మళ్ళీ చేస్తామన్నారట. ఇంకా చెయ్యలేదు.