చలికాలంలో కీమోథెరపీ

గత భాగంలో కణ విభజన గురించి, అది అదుపు తప్పినప్పుడు క్యాన్సర్ ఏర్పడే తీరు గురించి చదివారు. వేగంగా విభజన చెందే కణాలను దెబ్బతీసే మందులతో చేసే చికిత్సే కీమోథెరపీ అని కూడా తెలుసుకున్నారు. ఈ చికిత్స పొందుతున్న వ్యక్తికి చలికాలం ఎందుకు అదనపు భారమవుతుందో ఇప్పుడు పరిశీలిద్దాం. మీలో చాలామందికి ఇది పాఠం మాత్రమే. కానీ ఇంట్లో అమ్మకో, అన్నకో చికిత్స జరుగుతూ ఉండగా ఈ పుస్తకం తెరిచినవారు కూడా ఉంటారు. వారిని దృష్టిలో పెట్టుకొనే ఈ భాగం రాశాం.

4.5.1 తెల్లకణాలు తగ్గే రోజులు

క్యాన్సర్ కణానికీ, వేగంగా విభజన చెందే మామూలు కణానికీ ఉన్న తేడాను ఈ మందులు పూర్తిగా గుర్తించలేవు. అందువల్ల జుట్టు కుదుళ్లు, నోటి లోపలి పొర, పేగుల పొర, ఎముక మజ్జ కూడా దెబ్బతింటాయి. జుట్టు రాలడం అందరి కంటా పడుతుంది. ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం మజ్జ దెబ్బతినడం. సూక్ష్మజీవులను మొదట ఎదుర్కొనే న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలకు ఆయుష్షు తక్కువ. మజ్జ వాటిని ఎప్పటికప్పుడు కొత్తగా తయారుచేస్తూ ఉండాలి. ఒక మైక్రోలీటరు రక్తంలో ఇవి సాధారణంగా 1,500కు పైగా ఉంటాయి. 500 కంటే తగ్గితే చిన్న ఇన్ఫెక్షన్ కూడా కొన్ని గంటల్లో రక్తానికి పాకవచ్చు. చాలా మందుల విషయంలో, మందు ఎక్కించిన 7 నుంచి 14 రోజుల మధ్య ఈ సంఖ్య అట్టడుగుకు చేరి, మూడు నాలుగు వారాలకు కోలుకుంటుంది. ఎన్నో చికిత్సలను 21 రోజులకు ఒకసారి ఇవ్వడానికి ముఖ్య కారణం ఇదే.

(ఈ మందుల చరిత్రతో మనకు దగ్గరి సంబంధం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఆధ్వర్యంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారైన అమినోప్టెరిన్‌ను డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో లుకేమియా పిల్లలకు ఇచ్చి, ఫలితాలను 1948లో ప్రచురించారు. ఆయన ఆ మందు మొదలుపెట్టింది కూడా చలికాలంలోనే, 1947 చివర్లో.)

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆదిలాబాద్ దగ్గరి పల్లెలో ఉండే యాభై ఏళ్ల మహిళకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. హైదరాబాదులో జనవరి 4న డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ ఎక్కించారు. వారం రోజులు నీరసం, వాంతులు. తరువాత కొంచెం తేరుకొంది. "ఇక ఫరవాలేదు" అనుకొనే ఆ సమయంలోనే, అంటే జనవరి 11 నుంచి 18 వరకు, ఆమె తెల్లకణాలు అన్నిటికంటే తక్కువగా ఉంటాయి. భోగి, సంక్రాంతి, కనుమ సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తాయి. ఇంటినిండా చుట్టాలు, దగ్గుతున్న పిల్లలు, తెల్లవారుజామున మంచులో భోగిమంట పొగ. ఆమెను పండుగకు దూరం చేయనక్కరలేదు. జలుబు ఉన్నవారు దగ్గరికి రాకుండా, వచ్చినవారు సబ్బుతో చేతులు కడుక్కొనేలా చూస్తే చాలావరకు సరిపోతుంది. చలిగాలి తగులుతుందని కిటికీలన్నీ మూసి ఒకే గదిలో పదిమంది కూర్చోవడం మంచిది కాదు. ఎండ వచ్చాక తలుపులు తెరవాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు మరొకటి ఉంది. రాత్రి ఆమెకు వణుకు వస్తుంది. బయట చలి కదా, చలికే వణుకుతోందని రెండు దుప్పట్లు కప్పి, ఒక పారాసిటమాల్ వేసి పడుకోబెడతారు. ఇక్కడ ఒక విషయం గమనించండి. చీములో ఎక్కువ భాగం చనిపోయిన న్యూట్రోఫిల్ కణాలే. ఆ కణాలే లేనప్పుడు చీము పట్టదు, వాపు కూడా సరిగా కనిపించదు. చాలాసార్లు జ్వరం ఒక్కటే గుర్తు. పారాసిటమాల్ ఆ ఒక్క గుర్తునూ చెరిపేస్తుంది. కాబట్టి వణుకు రాగానే థర్మామీటరు పెట్టాలి. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకంటే ఎక్కువ ఉంటే తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి ఫోన్ చేసి బయలుదేరాలి. జ్వరం లేకపోయినా వణుకు తగ్గకపోతే, మనిషి మరీ నీరసించిపోతే కూడా ఫోన్ చేయాల్సిందే. ఆసుపత్రిలో అడుగుపెట్టిన గంటలోపు యాంటీబయాటిక్ మొదలుపెట్టాలన్నది వైద్యుల లక్ష్యం. పల్లెలో ఉన్నవారు ఏ వాహనంలో, ఏ ఆసుపత్రికి వెళ్లాలో ముందే అనుకొని ఉంచుకోవడం అందుకే అవసరం.

ఫ్లూ టీకా విషయం వైద్యుణ్ణి అడగండి. చంపిన వైరస్‌తో చేసిన సూది టీకానే రోగికి ఇస్తారు, ముక్కులో వేసే సజీవ టీకా ఇవ్వరు. ఇంట్లోవారు వేయించుకున్నా రోగికి రక్షణే.

4.5.2 చలే నొప్పిగా మారినప్పుడు

పెద్దపేగు క్యాన్సర్‌కు ఇచ్చే ఆక్సాలిప్లాటిన్ అనే మందుకు విచిత్రమైన స్వభావం ఉంది. ఇది నాడుల్లోని సోడియం మార్గాల పనితీరును మారుస్తుంది. దానితో మామూలు చల్లదనం కూడా సూదులతో గుచ్చినట్లు అనిపిస్తుంది. పొద్దున్నే స్టీలు చెంబు పట్టుకుంటే వేళ్లు జివ్వుమంటాయి. చల్లటి నీళ్లు తాగితే గొంతు పట్టేసి, ఊపిరి ఆడనట్లు భయం వేస్తుంది. అయితే చాలామందిలో శ్వాసనాళం నిజంగా మూసుకుపోదు. కొన్ని రోజుల్లో ఈ బాధ తగ్గుతుంది. మందు ఎక్కించిన తరువాత ఆ కొన్ని రోజులూ గోరువెచ్చని నీళ్లు తాగడం, చేతులకు గ్లోవ్స్, ముక్కుకూ నోటికీ మఫ్లర్ వాడటం మేలు. మొదటిసారి మందు ఎక్కించేముందే ఈ సంగతి చెప్పకపోతే రోగి హడలిపోతారు. నిజంగా ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా, ఒంటిమీద దద్దుర్లు లేచినా అది వేరే విషయం, వెంటనే వైద్యుణ్ణి చూడాలి.

4.5.3 వెచ్చదనంలో జాగ్రత్త

పాక్లిటాక్సెల్, విన్‌క్రిస్టిన్ వంటి మందులతో పాదాలు మొద్దుబారవచ్చు. అలాంటివారు కుంపటి దగ్గర కాళ్లు చాపుకొని కూర్చుంటే, వేడినీళ్ల సంచి పాదాలకు పెట్టుకుంటే కాలుతున్నా తెలియదు. స్నానం నీళ్ల వేడిని ఇంట్లో మరొకరు చేయిపెట్టి చూడాలి. జుట్టు లేని తల నుంచి వేడి పోతుంది కనుక, లోపల మెత్తని నూలుగుడ్డ కట్టి పైన ఉన్ని టోపీ పెట్టాలి. ఉన్ని నేరుగా తగిలితే దురద. చలికి చేతి నరాలు ముడుచుకొని సూది గుచ్చడం కష్టమవుతుంది. ఆసుపత్రికి వెళ్లే దారిలో చేతులు వెచ్చగా ఉంచుకుంటే నర్సు పని సులువవుతుంది. ఈ కాలంలో దాహం తెలియదు. కానీ సిస్‌ప్లాటిన్ వంటి మందులు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి కనుక, వైద్యుడు చెప్పినన్ని నీళ్లు గుర్తుపెట్టుకొని తాగాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఒక రోగికి డిసెంబరు 18న మొదటి విడత మందు ఎక్కించారు. 21 రోజులకు ఒకసారి చికిత్స అయితే, రెండో విడత తరువాత తెల్లకణాలు బాగా తగ్గే రోజులు ఏ తేదీల మధ్య వస్తాయి?

2. ఆ రోజుల్లో జ్వరం వస్తే, ముందుగా పారాసిటమాల్ వేయకూడదని ఎందుకు అంటారు? ఐదు వాక్యాల్లో రాయండి.