రక్తము అందని గుండె కండరము: దాని ఇంధనము, దాని ఔషధము

ఛాతీలో బరువు, భుజము లాగుట, చెమటలు అని మా మన్నెగూడ వైద్యశాలకు వచ్చువారిలో పెక్కుమంది "గ్యాసు" అనియే ఆరంభింతురు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక రైతును ఆయన కుమారుడు తెల్లవారుజామున మోటారు సైకిలుపై తీసికొనివచ్చి, "అయ్యగారూ, నాయనకు రాత్రి సంది గ్యాసు వట్టింది, ఏదన్న చూర్ణం ఇయ్యుండ్రి" అనెను. నాడి చూచితిని. చేయి చల్లగా, తడిగా నుండెను. "ఇది గ్యాసు కాదు బిడ్డా, గుండె. దవాఖానకు పోవాలె" అని చెప్పి, కారు పిలిపించి సాగర్ రోడ్డున నగరమునకు పంపితిని. ఆయన బ్రతికెను. కాని రాత్రంతయు వాము నీరు త్రాగుచు గడిపినందున గుండె కండరములో కొంత భాగము చచ్చుబడినది. నేటికిని పొలము గట్టు ఎక్కిన ఆయాసపడును.

ఆయన తరువాత నన్నడిగినది ఇది: "గుండె కండకు బలమిచ్చే మందు ఉన్నదంట గద, అది ఇస్తే అయిపోవు గద?"

అట్టి ఔషధములు కలవు. అవి ఎంతవరకు పనిచేయునో పాఠకులు గ్రహించుటకు ముందు గుండె ఏమి తిని బ్రతుకునో తెలియవలెను.

గుండె రోజుకు సుమారు లక్షసార్లు ముడుచుకొనును. ఇందులకు కావలసిన శక్తిని ఏటీపీ అను పదార్థమిచ్చును. కండరములోని ఏటీపీ నిల్వ కొన్ని క్షణములకే చాలును. ఎప్పటికప్పుడు తయారు కావలసినదే. దీనిని కనుగొన్నవారిలో మన తెలుగువారొకరు ఉన్నారు. 1895లో భీమవరమున జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాకు పోవుటకు ముందు మద్రాసులో డాక్టర్ లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రము బోధించిరి (ఈ మాట చెప్పుకొనుట మా వైద్యులకు మిక్కిలి ఇష్టము). హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కనుగొనిరి. ఏటీపీని అదే సంవత్సరము జర్మనీలో లోమన్ కూడ కనుగొనెను. 1948లో సుబ్బారావుగారి ప్రాణము తీసినదియు గుండెపోటే.

ఈ ఏటీపీని గుండె ఎక్కువగా క్రొవ్వు ఆమ్లముల నుండియు, కొంత గ్లూకోజు నుండియు చేసికొనును. క్రొవ్వు మండుటకు ప్రాణవాయువు ఎక్కువ కావలెను. అంతే ప్రాణవాయువుతో గ్లూకోజు ఇంచుమించు పదవ వంతు ఎక్కువ ఏటీపీని ఇచ్చును. కావున గాలి చాలని పొయ్యిలో తక్కువ గాలికి మండు కట్టెను వేసినట్లు, ధమని ఇరుకైనవారికి క్రొవ్వు మంటను తగ్గించి గ్లూకోజును మండించుట ఒక చికిత్స అయినది. మేము గురుకులములో చదివిన ధాత్వగ్ని ఇదియేనని కొందరందురు. పోలిక బాగుగనే యున్నది గాని, రెండును ఒకటేయనుట సాహసము.

ట్రైమెటాజిడిన్ ఇట్టిది. నాడీ వేగమును, రక్తపోటును పెద్దగా మార్చక, నడిచినపుడు వచ్చు నొప్పిని కొందరికి తగ్గించును. కాని వణుకు, నడకలో తడబాటు వంటి దోషములు కనబడుటచే 2012లో ఐరోపా ఔషధ సంస్థ దానిని ఇతర మందులకు తోడుగా, స్థిరమైన గుండె నొప్పికి మాత్రమే వాడవలెనని నిర్ణయించెను. పార్కిన్సన్ వ్యాధి, తీవ్రమైన మూత్రపిండ వ్యాధి గలవారికి ఇది తగదు. యాంజియోప్లాస్టీ అయిన ఆరువేల మందిపై జరిగిన పరిశీలన 2020లో వెలువడినది. అందులో అదనపు మేలు కనబడలేదు.

గుండెపోటు సమయముననే గ్లూకోజు, ఇన్సులిన్, పొటాషియము కలిపి నరములోనికి ఎక్కించు పద్ధతిని 1962లో మెక్సికో వైద్యుడు సోడి పాయారెస్ ప్రతిపాదించెను. ఆలోచన చక్కనిది. అయినను మన దేశపు రోగులు కూడ పాల్గొన్న, ఇరువదివేల మందికి పైగా గల పరిశీలనలో (2005) మరణములు తగ్గలేదు. గాలి పూర్తిగా మూసికొనిపోయిన పొయ్యిలో ఏ కట్టె వేసిననేమి?

మరి మన తెల్లమద్ది? పదకొండవ శతాబ్దమున చక్రపాణిదత్తుడు హృద్రోగమునకు దీనిని విధించెను. 5 గ్రాముల బెరడు చూర్ణమును 40 మిల్లీలీటర్ల పాలు, 160 మిల్లీలీటర్ల నీటితో కలిపి, పాలు మాత్రము మిగులువరకు కాచి వడపోసిన అది క్షీరపాకము. స్థిరమైన గుండె నొప్పి గల 58 మందిపై చేసిన ఒక చిన్న పరిశీలన (2002) ఆశాజనకముగ నున్నది. నేను దీనిని ఇత్తును, కాని హృద్రోగ వైద్యులు వ్రాసిన మాత్రలకు తోడుగా, వారికి తెలిపిన పిమ్మటనే. రక్తము పలుచబడు మందులు వాడువారు మరింత జాగ్రత్తపడవలెను. మూసికొనిన ధమనిని ఇది తెరచునని ఎవరైన చెప్పిన నమ్మవలదు.

ధమని పూర్తిగా మూసికొనిన అరగంటలోపే కండరము చచ్చుట మొదలిడును. ఆరు గంటలకు చాలవరకు ముగియును. గడ్డను కరిగించుట గాని, ధమనిని తెరచుట గాని ఆలోపుననే జరుగవలెను. విశ్రాంతి తీసికొన్నను పది నిమిషములలో తగ్గని ఛాతీ బరువునకు కషాయము కాచుచు కూర్చుండరాదు. మధుమేహ రోగులకును, స్త్రీలకును ఒక్కొక్కప్పుడు నొప్పి లేకయే చెమట, ఆయాసము మాత్రము కనబడును; అవియు గుండెవే కావచ్చును. రోగిని నడిపింపక, మోటారు సైకిలు ఎక్కింపక, ఆనించి కూర్చుండబెట్టి 108కి ఫోను చేయవలెను.